పై కాగితం, కింది కాగితం

గోడ గడియారం నాలుగూ ఐదు చూపిస్తోంది. అది రెండు నిమిషాలు ముందు నడుస్తుంది కాబట్టి నాలుగూ మూడు. డైరెక్టరుగారి గది బయట బెంచీ మీద కూర్చున్న ఆమె ఆ రెండు నిమిషాలూ తీసేసి లెక్క వేసుకుంది. తూనికలు కొలతల శాఖ ప్రధాన కార్యాలయంలో గడియారం తప్పు చూపించడం సిగ్గుచేటే, కానీ సరిచేయాలంటే నిచ్చెన కావాలి, నిచ్చెన స్టోర్సులో ఉంది, స్టోర్సువాళ్ళు ఇండెంటు చీటీ లేనిదే తాళం తీయరు, ఇండెంటు మీద సంతకం పెట్టాల్సిన సూపరింటెండెంటు కుర్చీ ఏడాదిన్నరగా ఖాళీ. అందుకని ఆఫీసంతా మనసులోనే రెండు నిమిషాలు తీసేసుకుని కాలం గడుపుతోంది. బజార్లో కొట్టువాడి తక్కెడ రెండు గ్రాములు తేడా వస్తే నోటీసిచ్చేది మాత్రం వీళ్ళే. ఆమెకి నవ్వు రాబోయి ఆగిపోయింది. ఇంకా యాభై ఏడు నిమిషాలుంది. బదిలీల మీద నిషేధాన్ని ప్రభుత్వం ఒక్క నెలకి ఎత్తేసింది, ఆ నెల ఈ సాయంత్రం ఐదింటితో సరి. ఈలోగా ఆమె ఉత్తర్వు మీద లోపల సంతకం పడాలి, కింద డిస్పాచ్ రిజిస్టర్లో నంబరు పడాలి. పడితే ఆమె ఇక భూగర్భ జలాల శాఖ మనిషి, ఆరు గంటల బస్సు దూరంలో భర్తా కూతురూ ఉంటున్న ఊళ్ళో. పడకపోతే ఇక్కడే, ఈ తూనికల్లోనే. పోయినసారి నిషేధం ఎత్తి మూడేళ్ళయింది.

బెంచీకి ఒక కాలు పొట్టి. కింద మడిచి పెట్టిన అట్టముక్క ఆమె పెట్టించిందే, ఎవరో ముసలాయన ఊగి పడబోయినప్పుడు. ఇన్నేళ్ళలో దీనిమీద కూర్చోవడం మాత్రం ఇదే మొదటిసారి, కూర్చోబెట్టడమే ఆమె పని. కూర్చోండి, ఫైలు లోపలుంది. కూర్చోండి, సారు భోంచేస్తున్నారు. కూర్చోండి, రూలు చూసి చెప్తాను. ఆ చివరి మాట వల్లే రూల్సమ్మ అని పేరు పడింది, మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఆమె కూడా కాదనలేదు. నిజానికి కొంచెం గర్వంగానే ఉండేది. శాఖ మారే బదిలీల రూళ్ళయితే నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. సొంత కోరిక మీద మారేవాళ్ళకి రెండు శాఖల సమ్మతీ ఉండాలి, అక్కడ ఖాళీ ఉండాలి, ఇక్కడ పని ఆగకూడదు, ఇక్కడి సీనియారిటీ మొత్తం వదులుకుంటున్నానని రాసివ్వాలి. రాసిచ్చింది. పంతొమ్మిదేళ్ళు ఒక్క వాక్యంలో పోయాయి, అదీ ఆమె తయారుచేసిన నమూనాలోని వాక్యమే, ఎంతమంది చేత సంతకం పెట్టించిందో. ఇక అక్కడ నిన్నగాక మొన్న చేరినవాళ్ళ తర్వాత ఆమె పేరు. "ఆలోచించుకో. మీసం సరిగా రానివాడు ఫైలు తెచ్చి పడేసి, కాస్త తొందరగా కానివ్వండి ఆంటీ అంటాడు," అన్నాడు భర్త ఫోన్లో. అంటే అననీ. ఆంటీ అనే కదా అంటాడు, నీకు చక్కెర ఎన్ని చెంచాలు అనడు కదా.

అక్కడికే వచ్చింది మళ్ళీ. ఎటు తిప్పినా మనసు అక్కడికే వచ్చి కూలబడుతోంది. పోయిన నెల రెండో ఆదివారం, పన్నెండేళ్ళ కూతురు, కొత్తగా టీ పెట్టడం నేర్చుకున్న సంబరం, వంటింట్లోంచి తల బయటికి పెట్టి, "అమ్మా, నీకు చక్కెర ఎన్ని చెంచాలు?" అంది. ఎంతో మర్యాదగా అడిగింది, అదే బాధ. విసుక్కుంటూ అడిగినా బాగుండేది. వాళ్ళ నాన్నని అడగలేదు, ఆయనది తెలుసు. పైగా పువ్వుల కప్పులో తెచ్చింది, ఎవరైనా ఇంటికొస్తే అలమారలోంచి తీసే కప్పు. తప్పు పిల్లది కాదు. ఆరేళ్ళ కిందట ఆయన ఆఫీసు ఆ ఊరికి మారిపోయింది, ఇక్కడ ఆమె ఇల్లు చేరేసరికి ఏడవుతుంది, పిల్లని ఒంటరిగా తాళం వేసిన ఇంటి ముందు ఎన్నాళ్ళు కూర్చోబెడతారు, పంపించారు, రెండేళ్ళలో సర్దుకుందాం అనుకున్నారు. నెలకి రెండు ఆదివారాలు. అలా లెక్క వేస్తే ఆరేళ్ళలో ఆమె ఆ ఇంట్లో ఉన్నది గట్టిగా ఆరు నెలలు కూడా లేదు. ఒకటిన్నర చెంచా అని చెప్పింది, తాగింది, బాగుందమ్మా అంది, తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి పక్కావిడ చూడకుండా ఏడ్చింది. మర్నాడు పదిన్నరకి దరఖాస్తు పెట్టింది.

తన ఫైలు తాను ముట్టుకోకూడదు, అదీ రూలే. అందుకని అది కొత్తమ్మాయి బల్ల మీదికి వెళ్ళింది. కొత్తమ్మాయి వచ్చి నాలుగేళ్ళయింది, ఆ తర్వాత ఎవర్నీ వేయలేదు కాబట్టి ఇంకా కొత్తమ్మాయే. ఆ పిల్లకి పని నేర్పింది రూల్సమ్మే, నోటు ఎలా రాయాలి, ట్యాగు ఎలా గుచ్చాలి, అన్నీ. రెండు కాగితాల పద్ధతి కూడా. అది రూల్సమ్మ సొంతంగా కనిపెట్టింది. ఏ దరఖాస్తు వచ్చినా రెండు ఉత్తర్వులూ టైపు చేసి ఫైల్లో పెట్టడం, ఒకటి మంజూరు, ఒకటి తిరస్కరణ, సంతకం దేనిమీద పడితే అది ఉత్తర్వు, రెండోది చిత్తు. ఫైలు మళ్ళీ కిందికి రానక్కర్లేదు, మళ్ళీ టైపు అక్కర్లేదు, వచ్చిన డైరెక్టరల్లా మెచ్చుకున్నాడు. "పైన ఏది పెట్టాలక్కా?" అని అడిగింది కొత్తమ్మాయి మొదటి వారంలో. "తిరస్కరణ. ఎర్ర ఫ్లాగు చీటీ దానికే అంటించు. రోజుకి ముప్ఫై ఫైళ్ళు, ఫ్లాగు ఉన్నచోట సంతకం పెట్టుకుంటూ పోతారు. ఇవ్వాలనుకుంటే పైది ఎత్తి కిందది చూస్తారు." "ఎవరూ ఎత్తి చూడరు కదక్కా?" "చూడకపోతే ఇవ్వరు. ఇచ్చి తప్పయితే మనల్ని అడుగుతారమ్మాయ్, ఇవ్వక తప్పయితే ఎవరూ అడగరు." ఎంత ధీమాగా చెప్పింది. ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంది కూడా, కింద గీత గీసి.

నాలుగూ పద్దెనిమిది. ముసలి అటెండరు ఫైళ్ళ బొత్తి గుండెకి ఆనించుకుని లోపలికి వెళ్ళాడు, తలుపు దానంతటదే మూసుకుంది. ఆ బొత్తిలో పైనుంచి ఎన్నోది తనదో చూడాలనుకుంది, అంచులన్నీ ఒకలాగే ఉన్నాయి. కొత్తమ్మాయి ఏది పైన పెట్టిందో అడగలేదు. అడిగితే ముట్టుకున్నట్టే. మధ్యాహ్నం ఆ పిల్ల మొహం చూద్దామని రెండుసార్లు నీళ్ళ కూజా దగ్గరికి వెళ్ళొచ్చింది, ఆ పిల్ల తల ఎత్తలేదు. నేర్పినట్టే చేసి ఉంటుంది. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల అని పోయినేడాది రిపోర్టులో రాసింది ఎవరు, తనే. ఒళ్ళో చేతిసంచి బరువుగా ఉంది. పొద్దున్న సొరుగు ఖాళీ చేసింది, వెళ్తానో లేదో తెలియకుండానే, సంతకం పడ్డాక సర్దుకునే టైముండదని. స్టాంపు ప్యాడు, దువ్వెన, తలనొప్పి మాత్రలు, అరడజను పెన్సిళ్ళ పెట్టె, అందులో రెండు మిగిలాయి. సొరుగు అడుగున పరిచిన పాత పేపరు కింద నుంచి తీసిన కవరు.

కవరు సంగతి తలుచుకోకూడదనుకుంది, పెన్సిళ్ళ సంగతి తలుచుకుంటే కవరు రాక మానదు. పెన్సిలుగారు. ఏది రాసినా ముందు పెన్సిలుతో రాసి, చదువుకుని, దానిమీద పెన్ను దిద్దే మనిషి, అందుకని ఆ పేరు. పక్క బల్లే. ఎనిమిదేళ్ళ కిందట నిషేధం ఎత్తినప్పుడు ఆయన శాఖ మారతానని పెట్టుకున్నాడు, ఇదే భూగర్భ జలాల శాఖకి, ఇదే ఊరికి. భార్య అక్కడ స్కూలు టీచరు, చూపు తగ్గిపోతోంది, డాక్టర్లు నాలుగైదేళ్ళకి మించి ఉండదన్నారు. రూల్సమ్మ పద్ధతి ప్రకారం రెండు కాగితాలూ పెట్టింది, తిరస్కరణ పైన, మంజూరు కింద. అప్పటి డైరెక్టరుగారు మీటింగుకి పరుగు మీద ఉన్నాడు, చోటు కనిపించిన ప్రతి కాగితం మీదా గీకేశాడు. ఫైలు బయటికొచ్చింది, చూస్తే రెండింటి మీదా సంతకం. ఆయనకి అడిగింది ఇచ్చారు, ఆయనకి అడిగింది ఇవ్వలేదు, అదే తేదీ, అదే సిరా. అప్పుడూ నాలుగున్నర దాటింది. పెన్సిలుగారు వెళ్ళిపోతే ఆ కుర్చీలో ఇంకొకర్ని వేయరు, నాలుగు జిల్లాల ఫైళ్ళు తన నెత్తిన పడతాయి, పాపకి నాలుగేళ్ళు, సంరక్షణ కేంద్రం ఆరింటికి మూసేస్తుంది. అదంతా అప్పుడు అనుకుందా? అనుకుంది. ఎనిమిదేళ్ళు అనుకోలేదని తనకి తాను చెప్పుకుంది గానీ అనుకుంది. పైకి మాత్రం, పైన ఉన్నదే ఉత్తర్వు, అనుకుంది. ఆ రూలు ఏ పుస్తకంలోనూ లేదు. పై కాగితానికి నంబరు వేయించి పంపేసింది. కింది కాగితాన్ని చించబోయింది, సంతకం పడిన కాగితాన్ని చించడానికి చేతులు రాలేదు, కవర్లో పెట్టి సొరుగు అడుక్కి తోసేసింది.

శనివారం సాయంత్రం బస్సు, సోమవారం పొద్దున్న బస్సు, ఐదేళ్ళు అలాగే తిరిగాడు పెన్సిలుగారు. సోమవారాలు బల్ల మీద కునికేవాడు, పెన్సిలుకి ముల్లు అరిగిందని ఆఫీసంతా నవ్వేది, రూల్సమ్మ కూడా నవ్వింది. పదవీ విరమణ రోజున మాట్లాడమంటే లేచి, "మా చెల్లెమ్మ నా ఫైలు కోసం ఎంత తిప్పలు పడిందో నాకు తెలుసు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత టీ తాగుతూ, ఏదో సరదాకి చెప్పినట్టు, "మా ఆవిడకి చూపున్న ఐదేళ్ళూ నేను బస్సులో ఉన్నాను చెల్లెమ్మా. నాకు జుట్టు నెరిసిందంటే నమ్మట్లేదు, నల్లగా ఉందిగా అంటుంది," అని నవ్వాడు. పెన్సిళ్ళ పెట్టె ఇచ్చాడు, ఆరూ తనే చెక్కి పెట్టాడు. ఆ రోజు ఇంటికెళ్ళి ఆమె అన్నం తినలేకపోయింది. చెప్పేస్తే పోయేది. చెప్తే ఉద్యోగం పోతుందేమోనని చెప్పలేదు, అంతే, దానికి ఇంకో పేరు పెట్టక్కర్లేదు.

నాలుగూ ముప్ఫై ఏడు. లోపల పేజీ తిరిగిన చప్పుడు, ఆగి, మళ్ళీ పేజీ. అటెండరు ఫ్లాగు పట్టుకుని తిప్పుతాడు, డైరెక్టరుగారు సంతకం చేస్తాడు, మధ్యలో మాటలుండవు. ఫోను గుర్రుమంది. భర్త. ఏమైంది, అని ఒక్క ముక్క. ఒకవేళ తిరస్కరణే వస్తే ఏమని రాయాలి. రాలేదు అని రాస్తే ఆయన సరేలే అంటాడు, ఆ సరేలే వినడం కష్టం. పాప ఆదివారం టీ పెడుతుంది, ఈసారి అడగదు, ఒకటిన్నర అని గుర్తుపెట్టుకుంటుంది, అతిథులకి గుర్తుపెట్టుకున్నట్టు. మూడేళ్ళకి పదిహేనేళ్ళ పిల్లవుతుంది. కిటికీ బయట ఎవరిదో సైకిలు పడింది, ఎవరో తిట్టారు, ఎవరో లేపారు.

తలుపు తెరుచుకుంది. అటెండరు బొత్తితో బయటికొచ్చి కొత్తమ్మాయి బల్ల మీద పెట్టాడు. ఆ పిల్ల పైనుంచి నాలుగో ఫైలు లాగింది, తెరిచింది, నిలబడిపోయింది. తర్వాత ఫైలు పట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"అక్కా, తిట్టకండి. మీరు చెప్పినట్టే తిరస్కరణ పైన పెడదామనుకున్నా, చేతులు రాలేదు. మంజూరు పైన పెడితే మీ మనిషినని అంటారు. అందుకని పక్కపక్కన పెట్టి రెండింటికీ ఫ్లాగు అంటించా. ఆయనే చూసి ఎంచుకుంటారు కదా అని."

"ఊఁ."

"రెండింటి మీదా చేసేశారక్కా."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. యాభై. నలభై ఎనిమిది. కింద డిస్పాచ్ ఆయన ఐదింటికి ఇలా గీత గీస్తాడు, అలా రిజిస్టరు మూస్తాడు. కొత్తమ్మాయి ఒక్కో చేతిలో ఒక్కో కాగితం పట్టుకుని ఉంది.

"దేనికి నంబరు వేయిస్తే అదే ఉత్తర్వు కదక్కా. నాకు తెలీట్లేదు. ఇదివరకు ఎప్పుడైనా ఇలా జరిగిందా? జరిగితే ఏం చేశారో చెప్పండి, అలాగే చేస్తాను."

జరగలేదు, అంటే చాలు. ఒక్క మాట. జరగలేదమ్మాయ్, మంజూరు పంపెయ్. ఆ పిల్ల నమ్ముతుంది, ఈ భవనంలో రూల్సమ్మ మాటని నమ్మనివాళ్ళు లేరు. లేదా, జరిగింది, మంజూరు పంపాం, అనొచ్చు, ఇంకా మంచిది, ఎవరూ వెతకరు. పెన్సిలుగారు విరమణ అయిపోయాడు, ఆ డైరెక్టరు ఎక్కడున్నాడో. రేపు ఈపాటికి ఆమె అక్కడి వంటింట్లో ఉంటుంది. నిజం చెప్తే, పూర్వం ఇలా జరిగినప్పుడు తిరస్కరణ పంపారు, ఈ ఆఫీసులో పూర్వం జరిగిందే రూలు, అది నేర్పిందీ తనే, ఈ పిల్ల ఏడుస్తూనే అయినా అదే పంపుతుంది. లేదు అనడానికి నోరు తెరిచింది కూడా. తెరిస్తే ఆ చప్పట్లు వినిపించాయి, చెల్లెమ్మ ఎంత తిప్పలు పడిందో అన్నప్పటి చప్పట్లు. చచ్చేదాకా ఇంకోసారి ఆ చప్పట్లు వినడం తన వల్ల కాదు. సంచి తెరిచి కవరు తీసింది.

"జరిగింది. ఒక్కసారి. పెన్సిలుగారిది. నేను ఎవర్నీ అడక్కుండా తిరస్కరణ పంపేశాను. ఇది పంపని కాగితం, చూడు, సంతకం ఉంది. అది రూలు కాదమ్మాయ్. నేను చేసిన తప్పు."

కొత్తమ్మాయి కాగితం చదివింది. ఆమె వైపు చూసింది.

"నువ్వలా చెయ్యకు. రెండూ పట్టుకుని లోపలికి వెళ్ళు. సారూ, ఇందులో మీరు చేయాలనుకున్నది ఏది, అని అడుగు. ఆయన ఏదంటే అది."

"తిరస్కరణ అంటే?"

"అంటే అదే పంపు. వెళ్ళు, టైము లేదు."

ఆ పిల్ల పరుగులాంటి నడకతో వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఆమె కవరు తిరిగి సంచిలో పెట్టుకుంది, మూత సరిగా పడలేదు, మళ్ళీ పెట్టింది. భయంగా ఉంది. నిజం చెప్పినందుకు మనసు తేలికపడుతుందంటారు గానీ ఏమీ పడలేదు, ఇంత మాత్రానికేనా నోరు జారావు అని లోపల ఎవరో తిడుతున్నారు, అది కూడా తన గొంతే. ఒకటిన్నర చెంచా. నాలుగు జిల్లాల ఫైళ్ళు. నల్లగా ఉందిగా అంటుందట ఆవిడ. గడియారం ముల్లు ఒక్క గీత జరిగింది, అంతలోనే తలుపు మళ్ళీ తెరుచుకుంది.

కొత్తమ్మాయి చేతిలో ఒక కాగితం మీద మూల నుంచి మూలకి కొట్టివేత గీత ఉంది, ఇంకొకటి శుభ్రంగా ఉంది. "మంజూరేనక్కా. ఎవరిది అని చూశారు. ఆవిడకేం కావాలంట అన్నారు. వెళ్తానంటున్నారు సార్ అన్నా. మరి వెళ్ళనీ అని తిరస్కరణ కొట్టేశారు." ఆ పిల్ల నవ్వుతోంది, ఏడుస్తోంది కూడా. "నేను కిందికి పోయి నంబరు వేయించుకొస్తా, మీరు కూర్చోండి."

"అంతేనా? ఇంకేమీ అడగలేదా?"

"అంతేనక్కా. నిమిషం కూడా పట్టలేదు."

మెట్ల మీద ఆ పిల్ల చెప్పుల చప్పుడు దిగిపోయింది. ఆమె భర్తకి ఫోను చేసింది, పాప ఎత్తింది, నాన్న ఇవాళ ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసి స్నానం చేస్తున్నాడంది. రేపు వస్తున్నానని చెప్పింది. "రేపు ఆదివారం కాదుగా," అంది పాప, తర్వాత, "ఎన్నాళ్ళుంటావు?" అంది. "ఇక అక్కడేనమ్మా. వెళ్ళేది లేదు." అవతల కుళాయి చప్పుడు వినిపించింది. "అయితే నీ టీ నువ్వే పెట్టుకో," అంది పాప. ఆమె సరే అంది. సరే సరే అని రెండుసార్లు అంది.

ఐదు కొట్టకముందే కొత్తమ్మాయి నంబరు పడిన ఉత్తర్వు తెచ్చి చేతిలో పెట్టి, వంగి ఒక్కసారి భుజం పట్టుకుని, తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్తూ, "ఆ పాత కాగితం?" అంది. "ఆయన పేరున ఉంది. ఆయనకే ఇస్తాను. అదే ఊరు," అంది ఆమె. ఏమని ఇవ్వాలో తెలీదు. ఆవిడ కూడా అక్కడే కూర్చుని ఉంటుంది, ఏంటండీ అది అని అడుగుతుంది, ఆయన చదివి వినిపించాలి.

గదులకి తాళాలు వేస్తున్న ముసలి అటెండరు బెంచీ దగ్గర ఆగాడు. "వచ్చేసిందిగా అమ్మా. ఇంకెవరి కోసం?"

"లేస్తున్నా," అంది ఆమె. లేచి మెట్ల వైపు కాకుండా డైరెక్టరుగారి తలుపు వైపు నడిచింది, మనసులో లెక్కపెట్టుకుంటూ. పదకొండు అడుగులు. వెనక్కి తిరిగి తన పాత బల్ల వైపు చూసింది, ఆ రోజు రెండు కాగితాలూ పట్టుకుని కూర్చున్న కుర్చీ ఇంకా అక్కడే ఉంది. అక్కణ్ణుంచి కూడా ఆ తలుపు దాకా నడిచి చూసింది. ఏడు.